ఒడీల్ వంటింట్లో నలభై నిమిషాలు

దేవకృప అక్కని సమాధి చేసి వచ్చాక ఫార్మింగ్టన్ హిల్స్‌లో వాళ్ల చర్చి హాల్లోనే భోజనాలు పెట్టారు. అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. నేను అమెరికా వచ్చినప్పుడు నాకు మొదటి ముద్ద పెట్టిన మనిషి. భోజనాలకి ముందు ఆమె కొడుకు సామ్ మైకు పట్టుకుని తల్లి గురించి నాలుగు మాటలు చెప్పాడు. నర్సుగా ముప్పై ఏళ్లు రాత్రి డ్యూటీలు చేసిన సంగతి, ఒక్క ఆదివారం కూడా ఆరాధన మానని సంగతి చెప్పి, నావైపు చెయ్యి చూపించాడు. "అమ్మ ఈ స్టోరీ మాకు హండ్రెడ్ టైమ్స్ చెప్పింది. సువార్త పిన్ని యంగ్‌గా ఉన్నప్పుడు లూసియానాలో నైట్ ఒక్కతే డ్రైవ్ చేస్తుంది. రోడ్డు మీద ఒకడు చెయ్యి ఊపాడు. పిన్ని ఆగలేదు. డోర్స్ లాక్ చేసి వెళ్లిపోయింది. అమ్మ మాకు నేర్పింది అదే, బీ కేర్‌ఫుల్." అందరూ తలలు తిప్పి నన్ను చూశారు. వెనక బల్లల దగ్గర ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. నా పక్కన కూచున్న సామ్ కూతురు నా చెయ్యి పట్టుకుని నొక్కింది. నేను నవ్వి ఊరుకున్నాను. నలభై ఏళ్ల పైనుంచి ఆ కథ అక్క నోట వింటూనే ఉన్నాను. ఎప్పుడూ నవ్వి ఊరుకున్నాను. ఆ కథ అక్కడితో ఆగదు. మిగతాది మోరిస్‌విల్‌లో నా ఇంటికి తిరిగొచ్చాక, వారం రోజులు నిద్రపట్టక, ఇదిగో ఇలా రాస్తున్నాను.

ముందు అప్పటి అక్క ఇంటి గురించి చెప్పాలి. హ్యూస్టన్‌లో రెండో అంతస్తులో రెండు గదుల అపార్ట్‌మెంటు. తలుపుకి అపార్ట్‌మెంటు వాళ్లు పెట్టిన తాళం ఒకటి, ప్రకాశం బావ చేత అక్క వేయించినవి రెండు, ఆపైన గొలుసు. రాత్రి డ్యూటీ ముగించుకుని పొద్దున ఏడున్నరకి వచ్చేది. గడియలన్నీ వేసి, ఒక్కోదాన్నీ మళ్లీ లాగి చూసి, స్నానాలగది తెర పక్కకి జరిపి చూసి, ఆ తరవాతే బూట్లు విప్పేది. యూనిఫాంలకి గంజి పెట్టడం మాత్రం మానలేదు. అన్నం వార్చిన గంజి ఒక గిన్నెలో పట్టి, బాత్‌టబ్ మీద తాడు కట్టి, తెల్లగౌన్లు అక్కడే ఆరేసేది. ఇల్లంతా ఎప్పుడూ గంజివాసన, తెల్లబూట్ల పాలిష్ వాసన. శనివారం ఎండుచేపలు వేయించే ముందు తడి తువ్వాలు చుట్టచుట్టి తలుపు కింద సందులో దోపేది. ఆ వాసన పక్కింటివాళ్ల ముక్కుకి తగిలితే మేనేజరుకి చెబుతారని భయం. ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. అయినా ప్రతి శనివారం తువ్వాలు తడిసేది. బావ ఏమీ అనేవాడు కాదు. గోదాములో రాత్రి పని చేసి వచ్చి, చేప ముక్కలు తిని, పడుకునేవాడు.

అక్క పాఠాలు భోజనాల దగ్గర నడిచేవి. నవ్వేవాణ్ణి నమ్మకు, నవ్వనివాడి దగ్గరికి పోకు. తలుపు తడితే ఎవరని అడక్కు, అడిగితే లోపల ఆడమనిషి ఉందని తెలుస్తుంది. ఫోనులో పేరు చెప్పకు. కారు ఎక్కే ముందు వెనకసీటు చూసుకో. నేను మొదట్లో లోలోపల నవ్వుకునేదాన్ని. కానీ ఆమె భయానికి కారణం ఉంది. దేశానికి వచ్చిన కొత్తలో ఆసుపత్రి పార్కింగులో ఒకడు కుంటుతూ వచ్చి చేతికర్ర జారవిడిచాడట. పాపం అని వంగి కర్ర అందించబోతే, మెడలో గొలుసు, చేతిలో సంచి లాక్కుని, కుంటకుండా పరిగెత్తాడట. "నర్సువి కదా, నొప్పి కనపడితే నీ చెయ్యి దానంతటదే పోద్ది. వాళ్లకి ఆ సంగతి తెలుసు," అనేది. ఆరు నెలలు తిరిగేసరికి నేనూ గడియలు రెండోసారి లాగి చూడడం మొదలుపెట్టాను. నేను నిజాంపట్నం వైపు ఉప్పు పర్రభూముల్లో మిషన్ బడి టీచరు కూతురిని. మా ఇంటి తలుపుకి గడియ ఉండేదో లేదో కూడా నాకు గుర్తులేదు.

లైసెన్సు పరీక్ష పాసయ్యాక ఏజెన్సీ వాళ్లు నన్ను మూడు నెలల పనికి లూసియానా పంపారు. దక్షిణాన, సముద్రానికి దగ్గర్లో, ఒక చిన్న ఊరి ఆసుపత్రి. అక్కడ రాత్రి డ్యూటీకి నర్సులు దొరకడంలేదు. అవి చమురు పొంగిన రోజులు. ఊళ్లన్నీ సముద్రంలో బావుల మీద పనిచేసే మగవాళ్లతో నిండిపోయి ఉండేవి. సోమవారం ఉదయం ఏడింటికి రిపోర్ట్ చెయ్యాలి. నర్సుల క్వార్టర్స్ ఇంకా ఖాళీ కాలేదు, మొదటి రాత్రి ఏదైనా మోటెల్‌లో ఉండమని ఫోనులో చెప్పారు. మోటెళ్లకేం కొదవ లేదన్నారు. ఆదివారం ఆరాధన కాగానే బయలుదేరదామనుకున్నాను. కానీ అక్క ప్రార్థన, పులిహోర కట్టడం, మళ్లీ ప్రార్థన, ఇవన్నీ అయ్యేసరికి మూడు దాటింది. బావ కాగితం మీద దారంతా పెన్సిలుతో గీసి ఇచ్చాడు. అక్క నా సీటు కింద బావ పెద్ద రెంచి ఒకటి పెట్టింది, మెడలో ఈల వేసింది. "ఎక్కడా ఆగమాక. పెట్రోలుకి తప్ప ఆగమాక," అంది. ఇల్లంత పొడవున్న ఆ పాత ఆకుపచ్చ కారులో నేను ఒంటరిగా ఊరు దాటడం అదే మొదటిసారి.

రాష్ట్రం సరిహద్దు దాటగానే వాన మొదలైంది. చలికాలం అప్పుడే వస్తున్న రోజులు. మైళ్లకి మైళ్లు నీళ్ల మీద వంతెన, రెండువైపులా నీళ్లలో నిలబడిన చెట్లు, వాటినుంచి వేలాడే బూజులాంటి నాచు. చీకటి పడ్డాక పెద్దరోడ్డు వదిలి దక్షిణానికి తిరిగాను. అక్కడివాళ్లు బయూ అంటారు. మన ఉప్పుటేరులాగే, ఏ దిక్కుకి పారుతోందో తెలియని నల్లటి నీళ్లు. దాన్ని ఆనుకుని సన్నటి రోడ్డు, రోడ్డుని ఆనుకుని వరసగా ఇళ్లు, ఇళ్ల ముందు నీళ్లలో రొయ్యల పడవలు. ఎనిమిదిన్నరకి ఊరు చేరాను. మొదటి మోటెల్‌లో రూములన్నీ చమురు కంపెనీల వాళ్లు వారాలకి వారాలు తీసుకున్నారని చెప్పారు. రెండోచోట ముసలాయన తలుపు తీయకుండానే అద్దం వెనకనుంచి లేదని చెయ్యి ఊపాడు. మూడోచోట బల్ల దగ్గరున్న ఆవిడ సారీ హనీ అంది, మర్యాదగానే. నేను కారులోకి వచ్చి బావ గీసిన కాగితం చూసుకుంటుండగా టోపీలు పెట్టుకున్న ఇద్దరు మగవాళ్లు లోపలికి వెళ్లి, రెండు నిమిషాల్లో తాళంచెవి పట్టుకుని బయటికొచ్చారు. ముందే చెప్పుకుని ఉండొచ్చు. వాళ్ల కంపెనీ రూమే అయ్యుండొచ్చు. లేదా నా ముఖం చూసి లేదని ఉండొచ్చు. ఏది నిజమో ఈ రోజుకీ నాకు తెలీదు. తెలియకపోవడమే మనిషిని లోపలినుంచి తినేస్తుంది. మొహాన తిట్టినవాడి దగ్గర అనుమానం అక్కర్లేదు కదా.

అంతలో ఆ ఆవిడే నెత్తిన పేపరు పెట్టుకుని వానలో బయటికొచ్చి నా కారు అద్దం తట్టింది. రెండంగుళాలు దించాను. బయూ పక్కనుంచే ఇంకో పన్నెండు మైళ్లు పోతే చేపలు పట్టేవాళ్లకి అద్దెకిచ్చే కేబిన్లు ఉన్నాయి, ఒడీల్, ఆల్సీడ్ అని ముసలి దంపతులు, మంచివాళ్లు, ఈ రోజుల్లో అక్కడే ఖాళీ ఉంటుంది అంది. థాంక్స్ చెప్పాను. కానీ అద్దం ఎత్తగానే మనసులో పురుగు తొలిచింది. రూము లేదన్న మనిషి వానలో తడుస్తూ వచ్చి దారి చెప్పడమేమిటి? నన్ను ఊరి బయటికి ఎందుకు పంపుతోంది? అయినా వెళ్లాను. కారులోనే పడుకోవడానికి ఇంతకంటే ఎక్కువ భయం వేసింది.

ఊరి దీపాలు అయిపోయాక రోడ్డు బయూతోపాటు మెలికలు తిరిగింది. ఒక మలుపులో గాలి ఒక్కసారి మారి ఎండురొయ్యల వాసన గుప్పున కారులోకి వచ్చింది. అక్కడ కూడా రొయ్యలు ఎండబెడతారని నాకు తెలియదు. నిజాంపట్నంలో దిబ్బల మీద ఈతచాపలు పరిచి ఎండేసే వాసన, అచ్చం అదే. ఎవరికైనా సంతోషం కలగాలి. నాకు ఒళ్లు జలదరించింది. నన్ను ఏమరపరచడానికే ఎవరో ఆ వాసన పంపారేమో అనిపించింది. అంత పిచ్చిగా ఉంది నా బుర్ర.

చిన్న వంతెన దాటి కొంత దూరం పోయి మలుపు తిరిగానో లేదో, హెడ్‌లైట్ల వెలుగులో మనిషి. ఒంటినిండా బురద. మోకాళ్లదాకా తెల్లటి రబ్బరు బూట్లు. ఎడమ చేతిని పొట్టకి అదుముకుని, కుడి చెయ్యి ఊపుతున్నాడు. నోరు తెరిచి ఏదో అంటున్నాడు. ఒక భుజం కిందికి జారి ఉంది. కాలర్ బోన్ విరిగినవాడు చేతిని అలాగే పట్టుకుంటాడు. నా కన్ను ఆ సంగతి నాకు చెప్పింది. నా కాలు యాక్సిలరేటర్ నొక్కింది. ఆయన పక్కకి తప్పుకోవలసి వచ్చింది. అద్దంలో చూస్తే నల్లటి చీకటి తప్ప ఏమీ లేదు. తలుపుల గడియలు తడిమి చూసుకున్నాను. నటించాడులే, కర్ర జారవిడిచినవాడిలాగే నటించాడులే అని పైకే అనుకుంటూ ఏడు మైళ్లు ఆగకుండా వెళ్లాను.

రోడ్డు చివర నాలుగు కేబిన్లు, వాటి ముందు దీపం వెలుగుతున్న ఇల్లు. తలుపు తట్టగానే తీశారు, కానీ జాలీ తలుపు మాత్రం తీయలేదు. అరవై దాటిన సన్నటి మనిషి, ముడి వేసిన తెల్లజుట్టు, పూల ఏప్రన్. నా భుజం మీదుగా కారుని చూసింది. ముందు నా ముఖంలో కాదు, కారు ముందుభాగం మీద ఆవిడ చూపు నిలిచింది. ఒక్కదానివేనా అంది. ఎక్కణ్ణుంచి, ఎవరు పంపారు, ఎందుకొచ్చావు అని అడిగింది. ఇంగ్లీషే, కానీ ఫ్రెంచి యాస. నర్సునంటే కాగితం చూపించమంది. ఆసుపత్రి ఉత్తరం జాలీకి ఆనించి పట్టుకుంటే లోపలినుంచి చదివింది. అప్పుడు కొక్కెం తీసింది. కేబిన్ల తాళాలు ఆయన దగ్గరున్నాయి, వచ్చేదాకా వంటింట్లో కూచో అంది.

ఆ వంటింటి వాసన నాకు ఇప్పటికీ గుర్తే. నూనెలో గోధుమపిండి ఎర్రగా వేయించిన వాసన, చిక్కటి కాఫీ వాసన, తడిసిన కర్రగోడల వాసన. గోడ మీద యేసు పటం, పటం కింద చిన్న దీపం, పక్కన గడియారం. పది కావడానికి అయిదు నిమిషాలుంది. అడగకుండానే పళ్లెంలో అన్నం పెట్టి దానిమీద రొయ్యలు వేసిన గోధుమరంగు పులుసు పోసింది. ఆల్సీడ్ చెల్లెలి ఇంట్లో పంపు బాగుచెయ్యడానికి వెళ్లాడు, ఏడున్నరకే అక్కడ బయలుదేరాడట, ఇరవై నిమిషాల దారి అంది. షెరీఫ్ ఆఫీసుకి ఫోన్ చేస్తే, మగవాడు రెండు గంటలు ఆలస్యమైతే తప్పిపోయినట్టు కాదన్నారట. చుట్టుపక్కల మగవాళ్లంతా రొయ్యల సీజను కనక పడవల మీద ఉన్నారు. తనకి డ్రైవింగ్ రాదు. ఇవన్నీ కాఫీ పోస్తూ, నా ముఖం చూడకుండా చెప్పింది. నేను చెంచా పట్టుకుని, ఆయన ఎలా ఉంటాడని అడిగాను. ఎందుకడిగానో నాకు తెలుసు. కాదు అనిపించుకోవాలని అడిగాను.

"పొట్టి మనిషి. బూడిదరంగు చొక్కా," అంది. "తెల్లబూట్లు. వద్దన్నా ఎక్కడికైనా ఆ రొయ్యల బూట్లతోనే వెళతాడు."

ఆ తరవాత నేను చేసింది రాయడానికే ఇదంతా రాస్తున్నాను. నేను తింటూ కూచున్నాను. నోట్లో మాట నాలుక దాకా వచ్చి వెనక్కి పోయింది. చెబితే ఎందుకు ఆపలేదని అడుగుతుంది, వానలోకి గెంటేస్తుంది. లేదా పోలీసుల్ని పిలుస్తుంది. నా లైసెన్సు మీద ఇంకా సిరా ఆరలేదు, దెబ్బతిన్న మనిషిని వదిలేసి వచ్చిన నర్సు అని ఆసుపత్రికి తెలిస్తే రేపు పొద్దున నా పని ఉండదు, వీసా ఉండదు. అంతటితో ఆగలేదు నా బుర్ర. వీళ్లిద్దరూ ఒకటేనేమో అనుకుంది. వాడు రోడ్డు మీద ఆపుతాడు, ఆగనివాళ్లని ఈమె ఇంట్లో కూచోబెడుతుంది, మోటెల్ ఆవిడ ఇద్దరికీ మనుషుల్ని పంపుతుంది. అన్నం పెడుతున్న మనిషి గురించి అలా అనుకున్నాను. ఇంకొంచెం పులుసు వెయ్యనా అంటే పళ్లెం ముందుకి జరిపాను. ఆవిడ నాకెదురుగా కూచుని చేతుల్లో జపమాల తిప్పుతోంది. గడియారం పదింబావు దాటింది. వానలో తడిసిన మనిషికి విరిగిన ఎముకకంటే చలి ప్రమాదమని నాకు తెలుసు. ఎన్ని నిమిషాలకి ఏమవుతుందో పుస్తకంలో చదివి పరీక్ష రాసినదాన్ని. దెబ్బలు తిని దారి పక్కన పడి ఉన్నవాణ్ణి చూసి పక్కనుంచి వెళ్లిపోయినవాళ్ల కథ మా నాన్న బళ్లో ఏటా చెప్పేవాడు. అది నాకు ఎవరూ గుర్తుచెయ్యనక్కర్లేదు. అయినా కూచున్నాను.

పదిన్నర దాటాక ఆవిడ లేచింది. తలుపు వెనకనుంచి ఒక జత రబ్బరు బూట్లు తీసి, కుర్చీలో కూచుని, చెప్పులు విప్పి తొడుక్కోవడం మొదలుపెట్టింది. కాళ్లు వాచి ఉన్నాయి. ఒక బూటు ఎక్కడంలేదు. ఏం చేస్తున్నారని అడిగాను. నడిచి వెళ్లి చూస్తానంది. టార్చిలైటు బల్ల మీద పెట్టుకుంది. ఆ ఎక్కని బూటుతో ఆవిడ కుస్తీపడుతుంటే నేను చూడలేకపోయాను.

"నేనాయన్ని చూశాను," అన్నాను. "వంతెన దాటాక. నన్ను ఆపబోయాడు. నేను ఆగలేదు."

ఆవిడ చేతులు బూటు మీదే ఉండిపోయాయి. తల ఎత్తి చూసింది. కోపం కనిపిస్తుందనుకున్నాను. కనిపించలేదు.

"నిలబడే ఉన్నాడా?"

"నిలబడే ఉన్నారు. భుజం విరిగినట్టుంది."

"అయితే తాళంచెవులు తియ్యి," అంది.

వెళ్లేటప్పుడు కారులో జపమాల గింజల చప్పుడు, వైపర్ల చప్పుడు. నేను చూసినచోట ఆయన లేడు. అక్కడ దిగి టార్చి వేస్తే, రోడ్డు పక్క కాలవలోకి ముక్కు దించిన ట్రక్కు వెనకభాగం కనిపించింది. ఇంకో అర మైలు పోయాక వంతెన కమ్మీకి ఆనుకుని కూచుని ఉన్నాడు. ఇంటివైపు నడవబోయి, చీకట్లో తికమకపడి, ఊరివైపు నడిచాడు. పెదాలు నీలంగా ఉన్నాయి, మాట ముద్దగా వస్తోంది, వణుకు ఆగిపోయింది. వణుకు ఆగడం మంచిది కాదు. కొత్త గది కోసం తెచ్చుకున్న నా దుప్పటి చింపి చేతిని ఒంటికి కట్టేశాను. మిగతా బట్టలన్నీ ఆయన మీద కప్పి, హీటర్ పెంచి, ఒడీల్‌ని వెనకసీట్లో ఆయన్ని హత్తుకుని కూచోమన్నాను. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల దగ్గర పట్టేస్తోంది. తలుపు వెయ్యబోతుంటే లోపలి దీపం వెలుగులో నన్నూ, పొడవాటి ఆ కారునీ చూశాడు.

"నువ్వు నాలుగో కారు," అన్నాడు.

నేను మర్నాడు చేరవలసిన ఆసుపత్రికి ఏడుగంటల ముందే, ఆయన్ని తీసుకుని చేరాను. రాత్రి సూపర్‌వైజర్ ఒక పెద్దావిడ, నేనెవరో తెలిశాక, ఇతను ఎలా దొరికాడని అడిగింది. నేను నోరు తెరిచేలోపే ఆల్సీడ్ స్ట్రెచర్ మీదనుంచి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఈ అమ్మాయి తొమ్మిదిన్నర దాటాక నన్ను దాటి వెళ్లింది, తరవాత మా ఆవిణ్ణి తీసుకుని తిరిగొచ్చింది అని. సూపర్‌వైజర్ నా భుజం తట్టి, రాత్రిపూట ఒంటరి ఆడది, నేనైనా ఆగను అంది. డాక్టరూ అదే అన్నాడు. మర్నాడు నర్సులందరూ అదే అన్నారు. ఆగకపోవడాన్ని అందరూ క్షమించారు. వంటింట్లో కూచున్న నలభై నిమిషాల గురించి ఎవరూ అడగలేదు, ఎందుకంటే ఎవరికీ తెలియదు.

సోమవారం మధ్యాహ్నం ఆసుపత్రి వరండా ఫోనునుంచి అక్కకి చెప్పాను. మనిషి చెయ్యి ఊపాడు అనేవరకు వచ్చాను. "ఆగలేదు గదా?" అంది. ఆగలేదన్నాను. "మంచి పని చేశావు." ఆ తరవాత ఏమైందంటే అని నేను మొదలుపెట్టాను. "తరవాత సంగతి ఎందుకే. ప్రాణాలతో ఉన్నావు, అంతే చాలు," అని ఏడ్చింది. అక్క ఏడుస్తుంటే మిగతా సగం చెప్పలేకపోయాను. ఆ సగం కథే సామ్‌కి చేరింది, సామ్ కూతురికి చేరింది.

క్వార్టర్స్ ఖాళీ అయినా నేను వెళ్లలేదు. మూడు నెలలూ ఒడీల్ వాళ్ల మూడో కేబిన్‌లోనే ఉన్నాను. ఆవిడే ఉండమంది. ఆల్సీడ్‌కి నిమోనియా పట్టి పన్నెండు రోజులు నా వార్డులోనే ఉన్నాడు. రాత్రి బెల్లు కొట్టి, "నాలుగో కారు డ్యూటీలో ఉందా?" అని అడిగేవాడు. మిగతా నర్సులకి అర్థమయ్యేది కాదు. వేళాకోళమే. ఆయన చెయ్యి మళ్లీ భుజానికి పైకి లేవలేదు. వల లాగడానికి ఒకణ్ణి పెట్టుకోవలసి వచ్చింది. దానికీ నా నలభై నిమిషాలకీ సంబంధం లేదని డాక్టరు చెప్పకుండానే నాకు తెలుసు, ఎముక అతికిన తీరు అది. అయినా ఆయన ఎడమ చేత్తో కాఫీకప్పు అందుకోబోయి, కుడిచేతికి మార్చుకున్నప్పుడల్లా నేను కిటికీవైపు చూసేదాన్ని. పొద్దున డ్యూటీ దిగి వచ్చేసరికి ఒడీల్ కాఫీ సిద్ధంగా పెట్టేది. ఎండురొయ్యలు నానబెట్టి వండేది. మా ఊళ్లో వంకాయలో వేస్తారని చెబితే ఒకసారి వండించుకుని తింది, ఉప్పు ఎక్కువైందంది. ప్రేమగా ఒక్క మాట అన్న గుర్తులేదు. ఆ రోడ్డు మీదే ఆ మూడు నెలల్లో ఇంకో ఇద్దరు చెయ్యి ఊపారు. ఒకసారి ఆగాను, ఒకసారి ఆగలేదు.

ఆ రోజులే మంచివని నేననను. ఇప్పుడు సామ్ కూతురు ఏ రాత్రి ఎక్కడ పడుకుంటుందో ఇంట్లోనే ఫోనులో బుక్ చేసుకుంటుంది. గది తలుపు నంబరు నొక్కితే తెరుచుకుంటుంది. దారిలో ఎవరైనా పడి ఉంటే అద్దం దించకుండానే ఫోన్ చేస్తుంది, పావుగంటలో అంబులెన్సు వస్తుంది. ఆల్సీడ్‌కి ఆనాడు అలాంటి కారు ఒకటి ఎదురైతే ఆ నిమోనియా పట్టేది కాదేమో. మంచిదే. కాకపోతే, ఒక అపరిచితురాలి ఎదురుగా కూచుని, ఈమెకి చెప్పనా వద్దా అని లోపల కొట్టుకునే అవసరం ఆ పిల్లకి రాదు. నాకు కూడా ఏళ్లతరబడి రాలేదు. ఎవరినీ అనుమానించనక్కర్లేకుండా బతకడాన్ని నేను చాలాకాలం మంచితనం అనుకున్నాను.

హ్యూస్టన్ తిరిగి వెళ్లే రోజు పొద్దున సామాను కారులో పెట్టి వంటింట్లోకి వెళ్లాను. ఆల్సీడ్ బయట పడవ దగ్గరున్నాడు. ఒడీల్ బల్ల దగ్గర కూచుని రొయ్యల తలలు తీస్తోంది. నేను కూడా కూచుని తీయడం మొదలుపెట్టాను. మా చేతులు ఒకే వేగంతో కదులుతున్నాయి. తల ఎత్తకుండానే ఆవిడ మొదలుపెట్టింది.

"ఆ రాత్రి తెల్లబూట్లు అన్నాను చూడు. నీ చెంచా ఆగిపోయింది. మళ్లీ తిన్నావు."

నేను తలలు తీస్తూనే ఉన్నాను.

"నీకేదో తెలుసని నాకప్పుడే తెలిసింది."

"మరి అడగలేదేం?"

"అడిగితే నువ్వు లేచిపోతావని. వాకిట్లో ఉన్నది నీ కారొక్కటే. నువ్వెవరో నాకు తెలీదు. నువ్వే ఆయన్ని గుద్దేసి వచ్చావేమో అనుకున్నాను. తలుపు తీసినప్పటినుంచీ నీ కారుకి సొట్ట ఉందా అనే చూశాను. గుద్దినదాన్ని అడిగితే చెబుతుందా? అన్నం పెట్టి కూచోబెడితే నీ అంతట నువ్వే చెబుతావనుకున్నాను." ఇంకో రొయ్య తీసుకుంది. "చెప్పకపోయేసరికి బూట్లు తీశాను. ఆ కాళ్లతో ఏడు మైళ్లు నేనెక్కడ నడుస్తాను?"

నేను చెబితే గెంటేసేవారా అని అడిగాను.

"గెంటేసేదాన్నేమో," అంది. "ముందు ఆయన్ని తెచ్చుకున్నాక."

తరవాత చేతులు కడుక్కుని, ఏప్రన్‌కి తుడుచుకుని, ఆ పొద్దున మొదటిసారి నా ముఖంలోకి సూటిగా చూసింది. "నేను అడగలేదని ఆల్సీడ్‌కి తెలీదు. నువ్వు చెప్పలేదనీ తెలీదు. నువ్వు చెప్పకు, నేనూ చెప్పను," అంది. చెప్పనన్నాను.

పడవ దగ్గర ఆయన కుడిచేత్తో నా చెయ్యి పట్టుకుని ఊపి, దారిలో ఎవరినీ దాటెయ్యకు అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఏటా క్రిస్మస్‌కి వాళ్ల దగ్గరనుంచి కార్డు వచ్చేది. కొన్నేళ్లకి ఒడీల్ పోయిందని, ఆ తరవాత రెండేళ్లకి ఆయనా పోయాడని వాళ్ల కూతురు రాసింది. వాళ్లిద్దరూ బతికుండగా ఇంకో రెండుసార్లు వాళ్లింటికి వెళ్లాను, ఆ బల్ల దగ్గరే ముగ్గురం కలిసి భోంచేశాం. ఆ చలిలో ఆయన వంతెన కమ్మీకి ఆనుకుని కూచున్న వేళ, మేమిద్దరం ఎదురెదురుగా కూచుని ఒకరినొకరం కనిపెడుతూ ఉన్నామని ఆయనకి చివరిదాకా తెలియదు. అడిగి ఉంటే చెప్పేదాన్నేమో. ఆయన అడగలేదు. ఎందుకడుగుతాడు, తిరిగొచ్చిన కారు మాదొక్కటే.